ఎర్ర దారం కట్టిన క్యారేజీ

అనంతపురంలో ఇంటికి క్యారేజీ పంపే మెస్సు ఏది బాగుంటుందని ఈ మధ్య నన్ను నలుగురు అడిగారు. నలుగురూ బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి, ఇక్కడున్న అమ్మానాన్నల కోసం అడిగినవాళ్లే. విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసేస్తే పోతుంది.

మేం పదకొండు నెలలుగా తింటున్నది సాయినగర్ వైపు ఒక సందులోంచి వస్తుంది. బోర్డు లేదు. వరండాలో మూడు గ్యాసు పొయ్యిలు, గోడ వారన వరసగా క్యారియర్లు. నడిపే ఆమెకు యాభై ఉంటాయి. పేరు రాయొద్దంది. "ఇప్పటికే అరవై అయినాయన్నా, ఇంగా చేర్చితే నా చెయ్యి పడిపోతాది" అంది. కాబట్టి ఆమెను వెతుక్కుంటూ రావొద్దు. ఇట్లాంటి మెస్సులు ఊళ్లో ఇంకా ఉన్నాయి, కుదుర్చుకునే ముందు ఏం చూసుకోవాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

నాలుగు గిన్నెలు. అడుగున అన్నం, దాని మీద పప్పు, ఆపైన కూర, పై గిన్నెలో చారు. మజ్జిగ విడిగా కవర్లో. పప్పు మాత్రం ఈమెదే పప్పు. చుక్కాకయినా గోంగూరయినా పప్పుగుత్తితో ఎనిపిందే, మిక్సీ ముట్టుకోదు. గురువారం ఊరిబిండి వేస్తుంది. చెనిక్కాయలు వేయించి రోట్లో నూరింది, రవ్వంత పలుకు తగులుతుంది. కట్టుడు పండ్లతో ఉన్న మా ఆవిడ కూడా దాన్ని వదలదు. వంకాయ వారానికి మూడుసార్లు వస్తుంది. ఇదేంటమ్మా అంటే "మార్కెట్లో అదే అగ్గువ" అంటుంది. నేను మళ్లీ అడగలేదు.

ఆదివారం సంగటి, కోడికూర. కూరకు వంక లేదు. సంగటి దగ్గరే తంటా. పొయ్యి మీద నుంచి దించి, కెలికి, ముద్ద చేసి, చెయ్యి చుర్రుమంటుండగా తినాల్సిన తిండి అది. క్యారియర్లో అరగంట ఊగి వచ్చేసరికి బిగుసుకుపోతుంది. రెండు ఆదివారాలు చూసి, మాకు అన్నమే పంపమ్మా అన్నాను.

ఇక దారం సంగతి. మొదటిరోజు మా క్యారియర్ పిడికి ఎర్ర ఉన్ని దారం కట్టి పంపారు. ఏ గుడిదో అనుకున్నా. పోయి అడిగితే చెప్పింది: ఎర్ర దారం అంటే బీపీ, ఉప్పు సగం. పచ్చ దారం షుగరు, అన్నం తగ్గించి రెండు జొన్నరొట్టెలు. తెల్ల దారం అంటే పండ్లు లేవు, కూర మెత్తగా ఉడకాలి. మూడు దారాలూ ఉన్న పిడి ఒకటి చూశాను, రాఖీ కట్టినట్టుంది. పన్నెండు గంటలప్పుడు వరండాలో నిలబడి పాత అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అరవై ఒక్కటి ఉంటే, దారం లేనివి పద్నాలుగు.

"పదేండ్ల కిందట ఒక్కదానికీ దారం లేదన్నా. అంతా కాలేజీ పిల్లోళ్లే. ఉప్పు సాల్లేదు, కారం సాల్లేదు అని కొట్లాడేటోళ్లు. ఇప్పుడు ఉప్పు ఎక్కువైందని ఫోన్లు చేసేది మీ వయసోళ్లు" అంది ఆమె.

పాత అలవాటు అన్నాను కదా. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2016లో దిగిపోయాను, ఎక్కింది 1983లో. తలకాయలు లెక్కపెట్టడమే నా బతుకు. మొదట్లో కళ్యాణదుర్గం రూట్లో సగం తగాదాలు హాఫ్ టికెట్ల మీదే. అయిదు నిండితే హాఫ్, పన్నెండు నిండితే ఫుల్లు. ఒక తల్లి వెనక నలుగురు పిల్లలు ఎక్కేవాళ్లు. ఒకణ్ణి ఒళ్లో కుదించుకుని, ఇంకొకణ్ణి మోకాళ్లు వంచి నిలబడమని చెవిలో చెప్పి, "వీనికింకా అయిదు రాలేదప్పా" అనేది. వానికి ముందు పండ్లు ఊడి ఉండేవి. చివరి పదేళ్లలో అదే రూట్లో తల్లి, తండ్రి, మధ్యలో కిటికీ పక్క సీటు కావాలని ఏడ్చే ఒక్క పిల్ల. హాఫ్ అడక్కముందే డబ్బులు చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడు నేను ఎక్కితే అరవై దాటినోళ్లకు ఇచ్చే 25 శాతం రాయితీ కోసం ఆధార్ కార్డు తీసేవాళ్లే ఎక్కువ కనబడతారు. అందులో నేనొకణ్ణి.

మా నాయనకు మేం ఏడుగురం. ఉరవకొండ పక్క పల్లె, పదకొండెకరాల మెట్ట. ఊళ్లో ఆయన్ని కలిగినాయప్ప అనేవాళ్లు. ఎకరాలు చూసి కాదు, కలుపుకు ఒక్క కూలీని పిలవకుండా పద్నాలుగు చేతులు ఇంట్లోనే ఉన్నాయని. అయితే వాన ముఖం చాటేసిన ఏడు ఆ పద్నాలుగు చేతులూ ఒకే కుండలోకి పోయేవి. అది కూడా గుర్తుంది నాకు. తర్వాత ఆ పదకొండు నలుగురు మగపిల్లలకు పంచితే తలా మూడెకరాలు కూడా రాలేదు. మా పెద్దన్న ఆ ముక్క మీద ఇంకా అప్పులే తీరుస్తున్నాడు.

అందుకే బస్సు వెనక ఎర్ర త్రిభుజం వేసి "మేమిద్దరం మాకిద్దరు" అని రాసిన మాట నేను విన్నాను. 1989లో రెండో కాన్పు కాగానే మా ఆవిడకు ఆపరేషన్ చేయించాం. మా ఇంటి సంగతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నలభై తొమ్మిదేళ్ల లోపు పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిని తీసుకుంటే దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మొగవాళ్ల ఊసు అందులో లేనట్టే, నాతో సహా. ఇద్దరితో ఆపి తప్పు చేశామని ఎవరన్నా అంటే ఒప్పుకోను. నా జీతంతో ఇద్దర్ని ఇంజినీరింగు చదివించానంటే అందువల్లే. ఒకడు బెంగళూరు, ఒకతె అమెరికా.

ఇప్పుడు నాలుగు సెంట్లలో మేడ ఇల్లుంది. అరకోటికి అడుగుతున్నారు. మా నాయన జన్మలో అంత లెక్క వినలేదు. అంత ఇంట్లో మోకాళ్లరిగిన ఆవిడ పొయ్యి దగ్గర పావుగంట నిలబడలేదు, నాకు కాఫీ తప్ప చేతకాదు. పీఎఫ్ పింఛను మూడు వేల చిల్లర. క్యారేజీ నెలకు 4,500. తేడా మావాడు ఫోన్‌పే చేస్తాడు. ఇల్లు అమ్మేస్తే దండిగా డబ్బొస్తుంది, నిజమే. ఎంత డబ్బొచ్చినా మధ్యాహ్నానికి ఆ వంకాయ తరిగేది ఎవరి బిడ్డో ఒకరు కావాలి గదా.

ఆ బిడ్డలే దొరకడం లేదని మెస్సు ఆమె గోల. జొన్నరొట్టె తట్టేది ఆమె ఒక్కతే. చపాతీలు ఒత్తేది బిహార్ నుంచి వచ్చిన కుర్రాడు, వాళ్లింట్లో ఆరుగురు అన్నదమ్ములంట. ఆ సర్వేలోనే మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 పిల్లలని, బిహార్‌లో 3.0 అని ఉంది. జనం తరతరానికీ తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. పేపర్లో చదివినప్పుడు ఈ అంకెలు తలకెక్కలేదు. ఆ పిల్లోడు పిండి ముద్ద అరచేతిలో ఒత్తుతుంటే ఎక్కాయి.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని ఉండేది, మెస్సు ఆమె మరిది మూడో సంతానం వల్ల అట్లాగే సర్పంచి పోటీకి అనర్హుడయ్యాడు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన ఆ నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. "తీసేసినారు సరే. సాకేదెవరంట?" అని ఆమె చారులో తాలింపు వేసింది. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు, హైదరాబాదులో.

లోపాలు చెప్పాలి. టైము నిలకడ లేదు. ఒకరోజు పన్నెండున్నర, ఒకరోజు ఒకటిన్నర. షుగరు మాత్ర వేసుకుని కూచున్నవాళ్లకు ఆ గంట చాలా పెద్దది. ఇంట్లో రెండు బిస్కెట్లు పెట్టుకోండి. చారు గిన్నె మూత వదులైతే కూరలోకి దిగిపోతుంది, మాకు నాలుగుసార్లు అయింది. సంక్రాంతికి, ఉగాదికి ఆమె ఊరికి పోతుంది. ముందురోజు సాయంత్రం గాని చెప్పదు, ఆ రోజుల డబ్బు తగ్గించదు. దీని మీద ఒకసారి గొడవపడ్డాను, ఓడిపోయాను. రాత్రి భోజనం ఈమె దగ్గర లేదు, రాత్రికి మేం ఉగ్గాని (బొరుగుల ఉప్మా) తెప్పించుకుంటాం లేకపోతే మిగిలిన అన్నంలో మజ్జిగ. పదికి ఏడు మార్కులు వేస్తా. పప్పుకు విడిగా తొమ్మిది.

కుదుర్చుకునేవాళ్లు క్యారియర్లు రెండు కొనండి. ఒకటి పోతుంటే ఒకటి వస్తుండాలి. పక్క క్లిప్పులు గట్టివి చూసుకోండి, మూత మీద పేరు చెక్కించండి, లేకపోతే వేరేవాళ్ల తెల్ల దారం కూర మీకొస్తుంది. మాకున్న వాటిలో ఒకటి 1984లో మా పెళ్లికి పెట్టిన సామాన్లలోది. దాని మీద మా నాయన పేరుంది. బండి మీద తెచ్చే పిల్లోడు గేటు దగ్గర నిలబడి ఆ పేరే పెట్టి కేకేస్తాడు. మొదట్లో అది నేను కాదప్పా అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు పలికి పోయి తెచ్చుకుంటున్నా.