సైకిల్ టూర్‌కి గూగుల్ మ్యాప్సా, ఆర్గానిక్ మ్యాప్సా?

రెండూ ఉచిత మ్యాప్ యాప్‌లే. తేడా తెలిసేది సిగ్నల్ పోయినప్పుడు. గూగుల్ మ్యాప్స్‌లో ఒక ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేకపోతే కారు దారి మాత్రమే చూపిస్తుంది, సైకిల్ దారి చూపించదు. సైకిల్ మీద వెళ్లేవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే.

ఆర్గానిక్ మ్యాప్స్ 2021లో వచ్చింది. వాలంటీర్లు కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడుస్తుంది, ప్రకటనలు ఉండవు. మ్యాప్ ఒకసారి దించుకుంటే చాలు, నెట్ లేకుండానే సైకిల్ రూట్ వేస్తుంది. రూట్ కింద ఎత్తుపల్లాల గ్రాఫ్ కనిపిస్తుంది, మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో కూడా చెబుతుంది. సామాన్లు కట్టుకుని తొక్కేటప్పుడు కిలోమీటర్ల కన్నా ఈ అంకే ముఖ్యం. సెట్టింగుల్లో మట్టి రోడ్లు వద్దనుకోవచ్చు. వేరేవాళ్లు పంపిన జీపీఎక్స్ ఫైల్ (దారిని గీతగా దాచుకునే ఫైల్) తెరిచి, ఆ గీత వెంటే వెళ్లొచ్చు. మంచినీళ్ల కుళాయిలు కూడా చాలాచోట్ల గుర్తించి ఉంటాయి.

అలాగని గూగుల్‌ని తీసేయకండి. రాత్రికి గది, తిండి, తెరిచి ఉన్న సైకిల్ షాపు, వాటి ఫోన్ నంబర్లు, ఫొటోలు వెతకడంలో దానికి సాటి లేదు. ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఆ వివరాలు ఎవరైనా వాలంటీరు చేర్చి ఉంటేనే దొరుకుతాయి. కొన్ని ఊళ్లలో వీధులు తప్ప ఇంకేమీ ఉండవు.

నా ఓటు ఆర్గానిక్‌కే. బయల్దేరే ముందే వైఫైలో మ్యాప్‌లు దించుకోండి, బస మాత్రం గూగుల్‌లో చూసుకోండి.