మూడేళ్ళుగా వాడుతున్న గెస్సో, జెల్ మీడియం: ఇంట్లో మిక్స్‌డ్ మీడియా అనుభవం

మొన్న అటక మీద ఉన్న పాత ఫైలు దించి తెరిస్తే మొదటి ఏడాది వేసిన కొలాజ్‌లు బయటపడ్డాయి. న్యూస్‌పేపర్ ముక్కలు గోధుమరంగులోకి తిరిగాయి, అంచులు లేచి నిలబడ్డాయి, ఒకదాంట్లోనైతే మధ్యలో అతికించిన పక్షి ఊడి ఫైలు అడుగున పడి ఉంది. విచిత్రం ఏమిటంటే, వాటి మీద వేసిన అక్రిలిక్ రంగు మాత్రం నిన్ననే వేసినట్టుంది. మూడేళ్ళలో నేను పాడుచేసుకున్న బొమ్మలన్నిటి కథా దాదాపు ఇదే. తప్పు రంగులో లేదు, కింద ఉన్న కాగితంలోనూ మధ్యలో ఉన్న జిగురులోనూ ఉంది. అందుకే రంగుల సంగతి తర్వాత. ముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండు డబ్బాల గురించి రాస్తాను: రంగు వేసేముందు కాగితానికి పూసే తెల్లటి గెస్సో, కాగితాలు అతికించే జెల్ మీడియం.

కాగితం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మామూలు డ్రాయింగ్ పుస్తకంలో మొదలుపెట్టాను. తడి తగలగానే పేజీ అప్పడంలా ఉబ్బింది. ఇప్పుడు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి వాటర్‌కలర్ పేపర్ తప్ప వేరేది ముట్టుకోవడం లేదు. అదీ ఒకవైపే పూతలు పడితే విల్లులా వంగుతుంది. వెనకవైపు కూడా ఒక పూత వేస్తే రెండు వైపులా సమానంగా లాగి చదునుగా ఆరుతుంది. ఈ చిన్న విషయం తెలియడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

ఇక గెస్సో. మనకు డబ్బాల్లో దొరికే అక్రిలిక్ గెస్సోలో ఉండేది ప్రధానంగా అక్రిలిక్ బైండర్ (పొడిని పట్టి ఉంచే జిగురు), సుద్దపొడి, టైటానియం తెలుపు. పాతకాలపు గెస్సో వేరు, అది జంతువుల జిగురుతో కలిపేది. ఆరిన గెస్సో మీద వేలు పెట్టి రాస్తే సన్నటి గరుకు తగులుతుంది. రంగు పట్టుకునేది ఆ గరుకునే. పెన్సిల్, బొగ్గు కూడా దాని మీద చక్కగా పడతాయి. నేను ఒకే మందపు పూత బదులు రెండు పలచటి పూతలు వేస్తాను. మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. మధ్యలో సన్న ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దుతాను.

గెస్సోతో నాకు అందిన అసలు లాభం మాత్రం ధైర్యం. బొమ్మ చెడిందా, దాని మీద ఒక పూత వేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పూర్తిగా కప్పకుండా అక్కడక్కడా వదిలేస్తే కింది పాత బొమ్మ తొంగిచూస్తుంది. నాకు నచ్చిన పనుల్లో సగం అలా చెడిపోయిన వాటి మీద పుట్టినవే. లోపాలూ ఉన్నాయి. డబ్బా మూతి తుడవకుండా మూత పెడితే అంచున ఎండిన పెళ్ళలు లోపల పడతాయి, తర్వాత అవి పూతలో గింజల్లా కనిపిస్తాయి. నీళ్ళు ఎక్కువ కలిపితే పట్టు పోతుంది. మంచి కుంచెతో గెస్సో వేయడం మాత్రం పాపం. దానికి ఒక పాత బ్రష్‌ని బలిచ్చేయండి.

జెల్ మీడియం గురించి ఎంతసేపైనా చెబుతాను. మొదట్లో కాగితాలు అతికించడానికి మామూలు తెల్ల జిగురు వాడేదాన్ని. ఆరినప్పుడు బాగానే ఉండేది. దాని మీద తడి రంగు వేసేసరికి మెత్తబడి అంచులు లేచేవి. మ్యాట్ జెల్‌కి (ఆరాక మెరవని రకానికి) మారాక ఆ బెడద పోయింది. ఇది రంగు లేని అక్రిలిక్ పెయింటే కాబట్టి, ఒకసారి ఆరితే నీళ్ళకు కరగదు. తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక తేటపడుతుంది. మ్యాట్ రకం మందంగా వేస్తే మాత్రం కాస్త మసక మిగులుతుంది. ముదురు రంగుల మీద అది తెలిసిపోతుంది. నా పద్ధతి ఇది: కింద ఒక పూత, దాని మీద కాగితం, పనికిరాని ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి అంచులకు గాలి బుడగలు తోసేయడం, పైన ఇంకో పలచటి పూత.

దీంతో చేసే ఫొటో బదిలీ ఒక చిన్న మాయ. లేజర్ ప్రింట్‌ను జెల్ మీద బోర్లా అద్ది, రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే తడి వేళ్ళతో వెనక కాగితాన్ని మెల్లగా రుద్దితే పేపరు గుజ్జు ఉండలు ఉండలుగా లేచి, బొమ్మ కిందే మిగిలిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింట్‌తో చేయబోయి నీలం, ఎరుపు మరకలు తప్ప ఏమీ మిగలక నీరుగారిపోయాను. లేజర్ ప్రింటర్ వాడే టోనర్ పొడి ప్లాస్టిక్ లాంటిది, తడికి చెదరదు. ఇంకో సంగతి, అక్షరాలు ఉంటే ముందే అద్దంలోలా తిప్పి ప్రింట్ తీసుకోవాలి. నేను తీసుకోలేదు. ఆ బొమ్మలో నా పేరు ఇప్పటికీ తిరగబడే ఉంది.

పెద్ద దెబ్బ మాత్రం వానాకాలంలో తగిలింది. ఆరిపోయాయి కదా అని రెండు బొమ్మలను ముఖాముఖి పెట్టి పైన పుస్తకాలు పేర్చాను. నెల తర్వాత విడదీస్తే చర్రుమంటూ ఒకదాని చర్మం రెండోదానికి అంటుకుని వచ్చింది. అక్రిలిక్ పొర ఆరినా లోపల కొంత మెత్తగానే ఉంటుంది, వేడికీ ఒత్తిడికీ అంటుకుంటుంది. మెరిసే గ్లాసీ పూత ఉన్నవి మరీను. అప్పటినుంచి మధ్యలో సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ పెట్టి, నిలబెట్టి దాస్తున్నాను.

రంగుల విషయంలో నా సలహా చిన్నది. ఇరవై నాలుగు ట్యూబుల పెట్టె కొనకండి. ట్యూబ్ వెనక పిగ్మెంట్ కోడ్ చూడండి, లోపల వాడిన రంగుపొడి ఏదో అది చెబుతుంది. పీబీ29 అంటే అల్ట్రామెరైన్, పీడబ్ల్యూ6 అంటే టైటానియం తెలుపు. ఒక్క కోడ్ ఉన్న రంగులు కలిపినా బురదలా మారడం తక్కువ. ఆరాక అక్రిలిక్ కొంచెం ముదురుతుంది, కాబట్టి అనుకున్నదానికన్నా ఒక మెట్టు లేతగా కలపాలి. స్కెచ్ పెన్నులు కూడా వాడి చూశాను, కిటికీ పక్కన పెట్టిన బొమ్మలో ఆ గీతలు ఏడాది తిరక్కుండానే వెలిసిపోయాయి.

ఆయిల్ పాస్టెల్ (జిడ్డుగా ఉండే రంగు కడ్డీ) ముచ్చట కూడా చెప్పాలి. దాన్ని ముందు రాసి పైన అక్రిలిక్ వేస్తే మొదట బ్రహ్మాండంగా ఉంటుంది, జిడ్డు ఉన్నచోట రంగు తప్పుకుని గీతలు మెరుస్తాయి. ఎండాక గోటితో గీకితే పెచ్చులుగా ఊడుతుంది. వాడదలిస్తే చిట్టచివర పైన రాయాలి.

కుంచెలు రంగుతో ఎండనివ్వకండి. నీళ్ళలో ముంచే ముందు గుడ్డతో తుడిచేస్తే సింకులోకి పోయే అక్రిలిక్ ప్లాస్టిక్కూ తగ్గుతుంది.

డబ్బా అయిపోతే మర్నాడే మళ్ళీ తెచ్చుకునేది జెల్ మీడియమే. గెస్సోకి చిన్న డబ్బా చాలు, పెద్దది కొంటే సగం మూత దగ్గరే ఎండిపోతుంది. ఆ ఊడిపోయిన పక్షిని మొన్న జెల్‌తో మళ్ళీ అతికించాను, ఈసారి కాస్త పక్కకి.