8జీబీ గ్రాఫిక్స్ కార్డ్ రెండేళ్లు వాడాక: చిప్ బానే ఉంది, మెమరీయే చాలట్లేదు

కార్డ్ తీసుకుని రెండేళ్లు దాటింది, ఇప్పుడైతే ధైర్యంగా చెప్పొచ్చు అని రాస్తున్నా. బడ్జెట్ రేంజ్ కార్డే, 8జీబీ మెమరీ, 128-బిట్ బస్ (చిప్‌కి, మెమరీకి మధ్య ఉండే దారి వెడల్పు), పీసీఐఈ 4.0 ఎక్స్8 (అంటే మదర్‌బోర్డ్‌తో 8 లేన్ల మీద మాట్లాడుతుంది). మానిటర్ 1080పీ, సిస్టమ్‌లో ర్యామ్ 32జీబీ, ప్రాసెసర్ కూడా పర్లేదు, అంటే వేరే ఏదీ అడ్డం పడట్లేదన్నమాట. కార్డ్‌లో బొమ్మ గీసే చిప్‌కి ఇంకా దమ్ముంది. దానికి ఇచ్చిన మెమరీ మాత్రం చాలట్లేదు, అదీ 4కేలో కాదు, 1080పీలోనే.

వాలొరాంట్, సీఎస్2, డోటా 2 లాంటివి ఆడేవాళ్లకి ఈ గొడవే లేదు, హాయిగా ఆడుకోండి. నేనెక్కువ ఆడేది పెద్ద సింగిల్ ప్లేయర్ గేమ్స్, తేడా అక్కడే తెలుస్తుంది.

ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) కౌంటర్ చూస్తే ఏమీ దొరకదు. గేమ్ ఓపెన్ చేసిన కొత్తలో అంతా స్మూత్, 70, 80 అలా వస్తుంటాయి, ఒక గంట ఆడి, రెండు మూడు ఏరియాలు తిరిగి, ఫాస్ట్ ట్రావెల్ కొట్టి మళ్లీ మొదట్లో ఉన్న చోటికే వస్తే, అదే వీధిలో కెమెరా తిప్పగానే టక్కున ఆగి మళ్లీ కదుల్తుంది. సెట్టింగ్స్ ఏం మార్చలేదు, టెంపరేచర్ మామూలే, జీపీయూ యూసేజ్ చూస్తే పెరగడం కాదు, తగ్గి ఉంటుంది. గేమ్ మూసేసి మళ్లీ ఓపెన్ చేస్తే మళ్లీ బావుంటుంది. బెంచ్‌మార్క్ వీడియోల్లో ఒక సీన్ కాసేపు రన్ చేసి యావరేజ్ చెప్తారు కదా, అందులో ఇది పట్టుబడదు. 1% లోస్ (అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన 1% ఫ్రేముల స్పీడు) చూడాలి, అవి కూడా బాగాసేపు ఆడాక చూడాలి.

కార్డ్ మీదున్న 8జీబీ నిండిపోతే మిగిలిన డేటా సిస్టమ్ ర్యామ్‌లోకి పోతుంది, అసలు సమస్య అక్కడ మొదలవుతుంది. ఆర్టీఎక్స్ 4060 సంగతే తీసుకుంటే దాని సొంత మెమరీ స్పీడు సెకనుకి 272జీబీ. సిస్టమ్ ర్యామ్ నుంచి రావాలంటే పీసీఐఈ స్లాట్ దాటి రావాలి, 4.0 ఎక్స్8 అయితే సెకనుకి దాదాపు 16జీబీ, పాత 3.0 మదర్‌బోర్డ్ అయితే అందులో సగం. ఎక్స్8 లేన్లతో వచ్చేవి ఎక్కువగా బడ్జెట్ కార్డులే, అవి కొనేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేవి పాత బోర్డులే, కాబట్టి ఎవరికి తక్కువ తగలాలో వాళ్లకే దెబ్బ ఎక్కువ తగుల్తుంది. మీకూ ఇదే జరుగుతోందా అని చూడాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కెళ్లి జీపీయూ నొక్కండి, డెడికేటెడ్, షేర్డ్ అని రెండు గ్రాఫులుంటాయి. డెడికేటెడ్ పైదాకా వెళ్లి అక్కడే ఉండిపోయి, షేర్డ్ మెల్లగా పెరుగుతుంటే అదే. గేమ్ మీద నంబర్లు చూపించే ఓవర్లేలో 7.5జీబీ అని కనిపించినంత మాత్రాన భయపడక్కర్లేదు, చాలా గేమ్స్ ఖాళీ ఉంది కదా అని ముందే ఎక్కువ పట్టి పెట్టుకుంటాయి.

ఇంకో రకం గేమ్స్ అసలు ఆగవు, చెప్పా పెట్టకుండా టెక్స్చర్ (గోడలు, నేల లాంటి వాటి మీద పరిచే బొమ్మలు) క్వాలిటీ తగ్గించేస్తాయి. మెనూలో హై అనే ఉంటుంది, గోడ దగ్గరికెళ్తే ఇటుకలన్నీ అలికేసినట్టుంటాయి, కాసేపటికి ఒకటి క్లియర్ అవుతుంది, వెనక్కి తిరిగొస్తే మళ్లీ అలికేసినట్టే. నాకు బాగా బాధేసేది ఇదే, ఎందుకంటే మెమరీ ఉంటే చాలు, టెక్స్చర్ క్వాలిటీ పెంచితే చిప్ మీద పడే భారం చాలా తక్కువ, బొమ్మ మాత్రం చాలా బాగుపడుతుంది. షాడోస్, రిఫ్లెక్షన్స్ తగ్గించుకోమంటే అర్థముంది. చిప్ చేయగలిగిన పనిని కూడా ఆపుకోవాల్సి రావడం అన్యాయం.

ప్రచారంలో ముందు పెట్టే ఫీచర్లు కూడా మెమరీ తినేవే. రే ట్రేసింగ్ (వెలుతురు నిజంగా ఎలా పడుతుందో లెక్కకట్టడం) ఆన్ చేస్తే సీన్ మొత్తానికి ఇంకో డేటా స్ట్రక్చర్ కట్టి మెమరీలో ఉంచాలి, ఫ్రేమ్ జనరేషన్‌కి (అసలు ఫ్రేముల మధ్యలో కొత్తవి పుట్టించి పెట్టడం) మెమరీలో దాని సొంత చోటు కావాలి. ఇప్పటికే నిండి ఉన్న 8జీబీలో ఫ్రేమ్ జనరేషన్ వేస్తే నంబర్ పెరిగి చేతికి మాత్రం ఇంకా బరువుగా అనిపించిన సందర్భాలున్నాయి. అప్‌స్కేలింగ్ (చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించడం) నయం, లోపల రిజల్యూషన్ తగ్గుతుంది కాబట్టి కొంత మిగుల్తుంది, కానీ టెక్స్చర్లు అంతే చోటు పట్టేస్తాయి, పెద్దగా ఆశ పెట్టుకోకండి.

గేమ్స్ సరిగ్గా ఆప్టిమైజ్ చేయట్లేదు అనే వాదన ఉంది, అందులోనూ నిజముంది. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు 8జీబీ కార్డుల మీద ఘోరంగా ఉంది, తర్వాత ప్యాచులతో చాలా బాగుపడింది. కానీ అన్నీ దాని మీద తోసేయలేం. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో 16జీబీ ఉంటే అందులో 13.5జీబీ గేమ్‌కే ఇస్తారు, గేమ్స్ తయారయ్యేది ఆ లెక్కన. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కి 8జీబీ కార్డ్ అనేది మినిమం, ఫుల్ రే ట్రేసింగ్ కావాలంటే 12జీబీ నుంచి మొదలు. మరి కార్డుల సంగతి చూస్తే 2016లో ఆర్ఎక్స్ 480 అనే మామూలు రేంజ్ కార్డ్‌కే 8జీబీ ఇచ్చారు, 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 5060కీ అదే 8జీబీ.

దీనికి కారణం బస్. ఒక్కో మెమరీ చిప్‌కి 32 బిట్లు కావాలి, 128-బిట్ బస్ అంటే నాలుగు చిప్పులు, ఒక్కోటి 2జీబీ, మొత్తం 8. కార్డ్ బోర్డుకి రెండు వైపులా చిప్పులు పెడితే 16. ఇంటెల్ ఆర్క్ బీ580, అంతకుముందు 2021లో వచ్చిన ఆర్టీఎక్స్ 3060 192-బిట్ కాబట్టి వాటికి 12 వచ్చింది. అంటే బడ్జెట్‌లో కుదరదన్న మాట నేనొప్పుకోను, కుదిరింది కూడా.

కొత్తగా కొనేవాళ్లు పేరు ఒక్కటే చూసి కొనకండి. ఆర్టీఎక్స్ 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8జీబీలోనూ వస్తాయి, 16జీబీలోనూ వస్తాయి, పేరు మాత్రం అదే, కొనేటప్పుడు జీబీ ఎంతో చూసుకోండి. కొత్త పెద్ద గేమ్స్ ఆడతా, నాలుగైదేళ్లు వాడతా అంటే 12 కన్నా తక్కువ వద్దు, కుదిరితే 16. సిస్టమ్ ర్యామ్ పెంచితే సరిపోతుందా అని అడుగుతుంటారు, సరిపోదు, దారే ఇరుకు.

ఇప్పటికే 8జీబీ ఉన్నవాళ్లు వెంటనే మార్చేయక్కర్లేదు. నేను చేస్తున్నది ఇదీ: కొత్త గేమ్‌లో ముందు టెక్స్చర్ ఒక మెట్టు దింపుతా, అల్ట్రాకి హైకి తేడా చాలాసార్లు కంటికి ఆనదు, హైకి మీడియంకి మాత్రం బాగా తెలుస్తుంది. టెక్స్చర్ పూల్ సైజ్ లేదా స్ట్రీమింగ్ బడ్జెట్ అని సెట్టింగ్ ఉంటే దాన్ని తగ్గిస్తా. ఆడేముందు బ్రౌజర్ క్లోజ్ చేస్తా, డిస్కార్డ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి పెట్టా, ఇవన్నీ కార్డ్ మెమరీలో కొంత కొంత తినేవే. ఇంత చేశాక కూడా షేర్డ్ గ్రాఫ్ పెరుగుతుంటే రే ట్రేసింగ్ తీసేస్తా, ఫ్రేమ్ జనరేషన్ జోలికి అస్సలు వెళ్లను.