బొద్దు షూస్ మళ్ళీ వచ్చాయి సరే, బెంగళూరు వానకి ఆగుతాయా?

ఈ స్కేట్‌బోర్డింగ్ షూ రివ్యూ మూడు వారాల క్రితమే రాయాల్సింది, కానీ షూ కాస్త అరిగాక రాద్దామని ఆగాను. డబ్బాలోంచి తీసిన రోజే రివ్యూ రాయడమంటే పెళ్ళిచూపుల్లో పిల్లాడి గుణం చెప్పినట్టే ఉంటది. ఇప్పటికి తొమ్మిది సార్లు వేసుకుని స్కేట్ చేశా, రెండుసార్లు వానలో తడిపా, చిటికెన వేలు దగ్గర చిల్లు పడబోతోంది. ఇక రాయొచ్చు.

షాపు ఇందిరానగర్ మెట్రో నుంచి నడిచే దూరంలోనే, మేడ మీద, కింద జ్యూస్ సెంటర్. పేరు రాయను, సైజు దగ్గర ఒక గొడవైంది, కింద చెప్తా. షాపు నడిపే అన్నది కోలార్ వైపు, నేను తెలుగని తెలియగానే వాళ్ళ తెలుగులోకి దిగిపోయాడు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, కౌంటర్ పక్కన రెండు పాత షూస్‌ని రంపంతో నిలువునా సగానికి కోసి పెట్టాడు. ఒకటి వల్క్, ఇంకోటి కప్‌సోల్. వల్క్ అంటే పైభాగం చుట్టూ రబ్బరు పట్టీ చుట్టేసి ఓవెన్‌లో ఉడికిస్తారు, లోపల చూస్తే అరికాలికీ నేలకీ మధ్య పెద్దగా ఏం ఉండదు, పల్చటి చపాతీలా. కప్‌సోల్ అయితే అచ్చులో పోసిన రబ్బరు గిన్నె, అందులో పైభాగాన్ని కూర్చోబెట్టి చుట్టూ కుట్టేస్తారు, మధ్యలో నురుగు లాంటి మెత్తటి పొర ఉంటది. నేను రెండేళ్ళుగా నెట్‌లో చదివి అర్థం చేసుకున్నది ఆ కోసిన ముక్క చూస్తే రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. వల్క్‌లో బోర్డు కాలికి తెలుస్తది, కానీ ఎత్తు నుంచి దిగితే మడమ చచ్చిపోద్ది. కప్‌సోల్‌లో మడమ సేఫ్, కానీ మొదటి వారం చెక్క చెప్పులేసుకున్నట్టే ఉంటది.

ఇక ఈ సీజన్ సంగతి. గోడ మీద సగం పైన బొద్దు షూసే, లేసుల కింద ఉండే నాలుక దిండులా, లేసులు తాడంత లావు. ఇది కొత్తేం కాదు, 1995లో ఈఎస్ యాక్సెల్ అనే లావు షూ వచ్చిన కాలం నుంచి 2000ల మొదట్లో ఒసైరిస్ డీ3 అనే మోడల్ దాకా ఇదే నడిచింది, తర్వాత 2009లో నైకీ ఎస్‌బీ జానోస్కీ అనే సన్న షూ వచ్చి అందరి కాళ్ళూ సన్నబడ్డాయి. ఇప్పుడు చక్రం మళ్ళీ తిరిగింది, న్యూ బ్యాలెన్స్ న్యూమెరిక్ వాళ్ళు స్కేటర్ టియాగో లెమోస్ పేరు మీద 1010 అనే మోడల్ తెచ్చాక లావు షూ మీద అందరికీ మోజు పెరిగింది. వ్యాన్స్ నూ స్కూల్ కూడా 90ల నాటి బొద్దు మోడలే, అది మాత్రం వేసుకుని తిరగడానికి, స్కేట్ చేయడానికి కాదు. తమాషా ఏంటంటే, ఫ్యాషన్ జనం ఈలోపు పల్చటి సోల్ వైపు వెళ్ళిపోయారు, ప్యూమా స్పీడ్‌క్యాట్ లాంటివి. అంటే స్కేటర్లు లావుకొచ్చేసరికి వీధంతా సన్నం. నా లెక్క ప్రకారం ఇంకో ఏడాది బొద్దువే అమ్ముడవుతాయి, ఆ తర్వాత మనోళ్ళూ సన్నబడతారు.

వ్యాన్స్ 1966లో అనాహైమ్‌లో మొదలైంది, ఆ వాఫుల్ గళ్ళ సోల్ ఇప్పటికీ ఉంది, కానీ అమ్మకాలు కొన్నేళ్ళు వరసగా పడిపోయాయని దాని యజమాని కంపెనీ వీఎఫ్ తన ఫలితాల్లోనే చెప్పుకుంది. మన దగ్గర గొడవ వేరే. 2024 ఆగస్టు 1 నుంచి చెప్పులూ బూట్లకి బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి అయింది, చిన్న స్కేట్ బ్రాండ్లు ఆ కాగితాల పని ఎక్కడ పెట్టుకుంటాయి? అందుకే నచ్చిన మోడల్ ఉంటే సైజు ఉండట్లేదు, సైజు ఉంటే గులాబీ రంగు ఒకటే మిగిలి ఉంటది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి బూట్ల మీద జీఎస్టీ జత ధర 2500 రూపాయల దాకా 5 శాతం, ఆ గీత దాటితే 18. కాబట్టి 2499 ట్యాగ్‌తో కాన్వాస్ షూస్ కుప్పలుగా వస్తాయి చూడండి. నేర్చుకునే పిల్లలకి అది మంచిదే, కానీ కాన్వాస్‌తో ఓలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే ట్రిక్) కొడితే నెల కూడా ఉండదు. బోర్డు మీద అతికించేది అసలు ఉప్పు కాగితమే కదా, ముందు కాలు దాని మీద రాసుకుంటూ పైకి పోవాలి, ఆ రాపిడంతా చిటికెన వేలు పక్కనే. ఆ చోట కుట్టు లేని ఒకే ముక్క స్వెడ్ (నూగు తోలు) ఉందా, దాని కింద రబ్బరు పొర ఉందా అని చూసుకోండి. రంగు తర్వాత.

నేను కొన్నది స్వెడ్ కప్‌సోల్, బొద్దుదే, ఆరున్నర వేలు. బ్రాండు చెప్పను గానీ, ముందరి భాగం గట్టిగానే నిలిచింది. మొదట తెగింది లేసు, నాలుగో రోజే. పాపం తడిసినప్పుడు మాత్రం ఏడిపించింది. సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్ళి దాకా బండి మీద తడుస్తూ వచ్చా, ఆ దిండు నాలుక నీళ్ళు తాగి కేజీ బరువైంది, బాల్కనీలో రెండు రోజులు ఆరబెడితే స్వెడ్ వడియంలా గట్టిపడింది. ఈ కంపెనీల క్యాటలాగ్‌లో స్ప్రింగ్ సమ్మర్, ఫాల్ వింటర్ అని ఉంటాయి, మనకి జూన్ నుంచి అక్టోబర్ దాకా ఏ సాయంత్రం కుమ్ముతుందో తెలీదు. వానాకాలానికి సన్న వల్క్ ఒకటి విడిగా ఉంచుకోవడమే మంచిది, తొందరగా ఆరిపోద్ది.

ఇప్పుడు గొడవ. నేను యూకే 8 అడిగితే షాపులో కుర్రాడు యూఎస్ 8 చేతిలో పెట్టాడు, అంటే యూకే 7. మెత్తగా ఉంది సాగుద్దిలే సార్ అన్నాడు, నేనూ తలూపాను, తప్పు నాది కూడా. ఇంటికెళ్ళి డబ్బా చూస్తే తెలిసింది. మార్చడానికి తొమ్మిది రోజులు, డబ్బు వెనక్కి ఇవ్వం, షాపులోనే ఇంకేదైనా తీసుకో అన్నారు. అన్న ఊళ్ళో లేడట. వచ్చాక ఆయనే ఫోన్ చేసి సారీ చెప్పి రెండు జతల లేసులు ఊరికే ఇచ్చాడనుకోండి, కానీ ఆయన లేని రోజు మాత్రం వెళ్ళొద్దు.

ఐదుకి మూడున్నర ఇస్తా. అందులో ఒక స్టార్ కౌంటర్ పక్కన సగానికి కోసి పెట్టిన ఆ షూస్‌కే.

నిన్న ఆ చిల్లు ముదరకుండా సైకిల్ ట్యూబ్ ముక్క అతికిద్దామని మా వీధి చివర పంచర్ షాపుకెళ్ళా. షూ చేతికిస్తే ఆయన దాన్నీ నన్నూ చూసి, నా వెనక్కి తొంగి చూసి, బండెక్కడ సార్ అన్నాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాడు, ప్యాచ్ మాత్రం బ్రహ్మాండంగా వేశాడు.