టింబక్టు ‘ధరణి’ కొర్రబియ్యం: రెండేళ్ల వాడకం తర్వాత

రెండేళ్లుగా మా ఇంట్లో రాత్రి భోజనం కొర్రన్నమే. ఆ బియ్యం ‘టింబక్టు ఆర్గానిక్’ పేరుతో వస్తుంది. దాన్ని పండించి, శుభ్రం చేసి అమ్మేది శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతపు రైతుల సొంత సహకార సంఘం ‘ధరణి’.

ముందుగా సరుకు సంగతి చెప్పాలి. పొట్లం విప్పగానే గింజ మీద లేత పసుపు తవుడు పొర కనిపిస్తుంది, గుప్పెట్లోకి తీసుకుంటే వేళ్లకు సన్నని పొడి అంటుతుంది. అంతకుముందు వేరే దుకాణంలో సేంద్రియమని చెప్పి ఇచ్చిన కొర్రలు తెల్లగా నిగనిగలాడేవి, ఉడికితే జావలా ముద్దయ్యేవి. వీటిని రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి వండి, దించాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే అన్నం పొడిపొడిగా, మెత్తగా వస్తుంది. వేరుశనగల ఊరుబిండి, కాస్త నెయ్యి ఉంటే వేరే కూర అక్కర్లేదు. తవుడులో నూనె ఉంటుంది కనుక ఏ ముడి కొర్రలకైనా వేసవిలో ముక్కవాసన త్వరగా వస్తుంది. నెలకు సరిపడా మాత్రమే కొనడం మేలు.

ధర మామూలు కొర్రల కన్నా ఎక్కువే. ఆ ఎక్కువ ఎందుకు ఇవ్వాలో అర్థమయ్యాకే నేను కొనడం కొనసాగించాను. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం మెట్ట నేలల్లో దశాబ్దాల తరబడి వేరుశనగ ఒక్కటే రాజ్యమేలింది, వాన తప్పిన ప్రతిసారీ రైతు అప్పులపాలయ్యాడు. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ దాతలిచ్చిన గ్రాంట్ల అండతో అక్కడ సేంద్రియ సాగును, చిరుధాన్యాలను మళ్లీ నిలబెట్టింది. రసాయనాలు మానిన నేల తేరుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆలోగా దిగుబడి తగ్గుతుంది, సేంద్రియ ముద్ర పూర్తిగా రాదు కనుక ధరా పెరగదు. ఆ నష్టాన్ని చిన్న రైతు మోయలేడు, బ్యాంకు మోయదు. విరాళం భుజం పట్టవలసింది సరిగ్గా ఆ రెండు మూడేళ్లకే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తర్వాతి వ్యాపారం విరాళాల మీద నడవకూడదు. 2008లో ఏర్పడిన ధరణి, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, సభ్యుల వాటాధనంతో వారి యాజమాన్యంలోనే నడుస్తుంది. రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. రోజూ మన గట్టు మీదుగా నడిచే పక్క పొలం మనిషి కళ్లుగప్పి యూరియా చల్లడం, ఏడాదికొకసారి వచ్చే అధికారిని ఏమార్చినంత సులువు కాదు.

కొత్తగా కొనేవారు చిన్న పొట్లంతో మొదలుపెట్టండి. అన్నమంటే వరి అన్నమేనని మొదట్లో పక్కకు నెట్టిన మా అమ్మ, ఇప్పుడు రాత్రి మిగిలిన కొర్రన్నంలో మజ్జిగ పోయించుకుని, పొద్దున్నే ఉల్లిపాయతో తింటోంది.