గ్రిడ్ కంట్రోలర్ కొనేవాళ్లు జాగ్రత్త: "ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇలాగే పనిచేస్తుంది" అంటే నమ్మకండి

కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఇంకొకరు అదే కౌంటర్ దగ్గర డబ్బు పెట్టకుండా ఉంటే చాలు. షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో హోమ్ స్టూడియో పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆ షాపూ తెలుసు, డెమో ఇచ్చే ఆయనా తెలుసు.

కొన్నది 64 ప్యాడ్ల గ్రిడ్ కంట్రోలర్, అంటే కంప్యూటర్‌లోని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌ని వేళ్లతో నొక్కి నడిపే బటన్ల పలక, 18 వేలు. నేను పనిచేసేది రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో. జానపద పాటలకి ట్రాకులు చేస్తాను, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్ములకి బ్యాక్‌గ్రౌండ్ స్కోరు. పని మొత్తం టైమ్‌లైన్ మీదే, ఎడమ నుంచి కుడికి పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. స్టేజీ మీద జనం ఊపు చూసి పల్లవి ఇంకో రెండుసార్లు తిప్పాలంటే ఆ పద్ధతిలో కష్టం. ప్యాడ్లు అందుకే.

డెమో ఆయన సొంత ల్యాప్‌టాప్‌లో, ఏబుల్‌టన్ లైవ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో, సెషన్ వ్యూ అనే గళ్ల తెర తెరిచి ఇచ్చారు. ఒక్కో నిలువు వరుస ఒక ట్రాకు, ఒక్కో అడ్డు వరుస ఒక సీన్. ప్యాడ్ నొక్కితే క్లిప్ (ఒక చిన్న సంగీతపు ముక్క) తర్వాతి బార్ (తాళం ఆవర్తం) మొదట్లో అందుకుంటుంది, కాబట్టి చెయ్యి కాస్త ముందే పడినా తాళం తప్పదు. సీన్ నొక్కితే డప్పు, బేస్, కీస్ అన్నీ ఒకేసారి చరణంలోకి మారిపోతాయి. బాగుంది, అందులో మాట లేదు.

అప్పుడే సూటిగా అడిగాను. "అన్నా, నాది రీపర్. అందులో క్లిప్పులు ఇలాగే వస్తాయా?" ఆయన కాస్త కూడా తడబడలేదు. "ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇలాగే తమ్ముడూ, మిడి కదా. పైగా డబ్బాలో ఫుల్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉంది. కొత్త పీస్" అన్నారు.

ఇందులో నిలబడిన మాట ఒక్కటీ లేదు. రీపర్‌లో ప్యాడ్ నొక్కితే మిడి నోటు, అంటే ఏ స్వరం మోగించాలో చెప్పే సంకేతం వస్తుంది, అంతే. దాంతో ఏదైనా వాయిద్యం మోగించుకోవచ్చు. క్లిప్ మొదలుపెట్టడం, బార్ దాకా ఆపడం, ఏది మోగుతోందో ప్యాడ్ రంగులో చూపించడం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే క్లిప్ లాంచర్ చేయించే పనులు. రీపర్‌లో అది లేదు, ప్లేటైమ్ లాంటి ప్లగిన్ విడిగా వేసుకోవాలి. లైవ్‌లో ఉంది, 2014లో వచ్చిన బిట్‌విగ్‌లో ఉంది. యాపిల్ వాళ్ల లాజిక్‌లో 2020లో, 10.5 వెర్షన్‌తో లైవ్ లూప్స్ పేరుతో వచ్చింది, అదీ మ్యాక్, ఐప్యాడ్ ఉన్నవాళ్లకే. రోజూ ఇవే అమ్మే మనిషికి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను.

ఇక ఫుల్ లైసెన్స్ అన్నది లైవ్ లైట్ (లైవ్‌కి కుదించిన చిన్న వెర్షన్) కోడ్ ఉన్న కార్డు. లైట్‌లో 8 ట్రాకులే. నా ఒక్క పాటలో డప్పు, ఢోలక్, కోరస్‌లకే అవి అయిపోతాయి. పోనీ అదైనా చాలనుకుని కోడ్ కొడితే ఇప్పటికే వాడేశారని వచ్చింది! కంట్రోలర్ సీరియల్ నంబరు కూడా వేరే ఎవరి ఖాతాలోనో రిజిస్టరై ఉంది. ఎవరో వాడి తిరిగిచ్చిన పీసుని కొత్త ధరకి అంటగట్టారు.

లైవ్ ట్రయల్ వేసుకుని నా డప్పుతో కూడా చూశాను. డెమోలోవి ముందే టెంపోకి కట్టిన లూపులు. చేత్తో వాయించిన డప్పు అలా ఉండదు, పాట వేడెక్కేకొద్దీ ముందుకు పోతుంది. దాన్ని క్లిప్‌గా తిప్పాలంటే వార్ప్ మార్కర్లు (దెబ్బల్ని సాగదీసి తాళానికి కట్టే గుర్తులు) పెట్టి సరిచేసుకోవాలి, లేకపోతే కీస్ ఒక దారి, డప్పు ఒక దారి. టైమ్‌లైన్‌లో అయితే డప్పునే ఆధారం చేసుకుని టెంపో మ్యాప్ (పాటలో ఎక్కడ ఎంత వేగమో చూపే గీత) గీసుకుంటాం. ఇంకొకటి, లైవ్‌లో ఒక ట్రాకులో క్లిప్ నొక్కితే ఆ ట్రాకులో టైమ్‌లైన్ మీద ఉన్నది ఆగిపోతుంది. బ్యాక్ టు అరేంజ్‌మెంట్ బటన్ నొక్కేదాకా తిరిగి రాదు. స్టేజీ మీద ఇది తెలియకపోతే పాట మధ్యలో బేస్ మాయం. ఇవేవీ చెప్పలేదు.

వస్తువు పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. గట్టిగా కూడా మాట్లాడలేదు. "నేనలా అననే లేదు" అన్నారు. ఎదురుగా నిలబడి, నా మొహంలోకి చూస్తూ. ఆ తర్వాత అందరికీ వినపడేలా, "సాఫ్ట్‌వేర్ వాడటం రాకపోతే వస్తువు మీద పడతావేంటి? ముందు నేర్చుకుని రా." కోడ్ సంగతి ఎత్తితే కంపెనీవాళ్లని అడుక్కోమన్నారు. పక్కనే ఒక కుర్రాడికి అదే ల్యాప్‌టాప్‌లో అదే డెమో నడుస్తోంది. నేను ఆ అబ్బాయికి విషయం చెప్పబోతే స్పీకర్ సౌండు పెంచేశారు. నాకు అన్నిటికంటే మండింది అక్కడే. పాటకి ఇంతని తీసుకుని కూడబెట్టిన డబ్బు పోయింది, పైగా నలుగురిలో పని రానివాడినన్న మాట. ఆ కుర్రాడు కొన్నాడో లేదో తెలియదు.

కొనాలనుకుంటే మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, మీ ప్రాజెక్టులోనే ప్యాడ్లు పనిచేయించి చూపించమనండి. సీల్ మీ ముందే విప్పించండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించండి. నాకిచ్చిన బిల్లు మీద వాళ్లు రాయలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫిర్యాదు పెట్టాను. అక్కడే కొని కోడ్ పనిచెయ్యనివాళ్లు ఉంటే బిల్లు, డబ్బా ఫోటోలు తీసి మీరూ పెట్టండి.