ఇంట్లో ఈతకు ఏది మేలు: స్విమ్ స్పానా, కాంక్రీట్ పూలా?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుని వెనక కాస్త ఖాళీ స్థలం మిగిలితే, ఈతకు రెండు దారులున్నాయి. గొయ్యి తీసి కాంక్రీట్ పూల్ కట్టించుకోవచ్చు. లేదా ఫ్యాక్టరీలో తయారైన స్విమ్ స్పా తెచ్చి పెట్టించుకోవచ్చు. ఇది నాలుగైదు మీటర్ల పొడవు, రెండుంపావు మీటర్ల వెడల్పుండే పెద్ద తొట్టి. మోటార్ నీళ్లను ఎదురు తోస్తుంటే మనం ఉన్నచోటే ఈదుతుంటాం.

ముందు తేల్చుకోవాల్సింది, నీళ్లలోకి దిగేది ఎవరు అని. పిల్లలు, వాళ్ల స్నేహితులు, సెలవులకొచ్చే చుట్టాలు అయితే కాంక్రీట్ పూలే కట్టించండి. తొట్టిలో నలుగురు దిగితే ఇక ఆటకు చోటుండదు. రోజూ పొద్దున్నే అరగంట ఈదే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం నా ఓటు స్విమ్ స్పాకే. ఎనిమిది మీటర్ల పూల్‌లో నాలుగు బారలు వేసేసరికి గోడ తగులుతుంది, ఊపు పోతుంది.

నీళ్లలోనూ తేడా పెద్దదే. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మనిషి ఛాతీ లోతున్న పూల్‌కి 40 వేల లీటర్లు కావాలి. స్విమ్ స్పాకు 5 వేల లీటర్లు, అంటే ఒక చిన్న ట్యాంకర్ చాలు. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎండిపోయే కాలనీల్లో ఇదొక్కటే నిర్ణయాన్ని మార్చేస్తుంది. ఏది పెట్టినా బోరు నీళ్లను పరీక్ష చేయించాకే నింపండి. బకెట్ అంచున కట్టే తెల్లటి పొరే హీటర్ మీద, నీళ్లు చిమ్మే జెట్ రంధ్రాల్లో కూడా కడుతుంది.

ఇక అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట: పొద్దున ఈత, సాయంత్రం వేడినీళ్లు, రెండూ స్విమ్ స్పాలోనే అని. లెక్క వేసి చూడండి. ఈతకు 28 డిగ్రీలు హాయి, ఒళ్లు నొప్పులు తీరాలంటే 38 కావాలి. 5 వేల లీటర్లను పది డిగ్రీలు వేడెక్కించాలంటే 58 యూనిట్ల కరెంటు పడుతుంది. 3 కిలోవాట్ల హీటర్‌కి అది 19 గంటల పని. మళ్లీ పొద్దుటికి చల్లారాలంటే ఇంకో తంటా. రెండూ కావాలంటే రెండు అరలుగా వచ్చే మోడల్ కొనాలి. పైగా మన ఎండల్లో అసలు టెన్షన్ వేడి గురించి కాదు, చల్లదనం గురించి. చలిదేశాల కోసం చుట్టూ దట్టంగా ఇన్సులేషన్ వేసిన తొట్టి ఇది. మోటార్ వేడి కూడా నీళ్లలోకే చేరుతుంది. మే నెలలో హీటర్ ఆపేసినా ఈతకు పనికిరానంతగా కాగుతుంది. పైన నీడ, దాంతోపాటు చల్లబరిచే హీట్ పంపు, ఈ రెండింటికీ ముందే డబ్బు పక్కన పెట్టుకోండి.

డాబా మీద పెట్టిద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇళ్ల డాబాలకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కలోకి తీసుకుని డిజైన్ చేస్తారు. మీటరు లోతు నీళ్లే అదే చదరపు మీటరుకు వెయ్యి కిలోలు. పునాది నుంచే దానికోసం కట్టిన ఇల్లయితే తప్ప, స్ట్రక్చరల్ ఇంజినీర్ ఒప్పుకోకుండా ఆ మాటే వద్దు.

కింద పెట్టించేటప్పుడు ఆరంగుళాల ఆర్‌సీసీ బెడ్ సరిగ్గా లెవెల్‌లో వేయించండి. చుట్టూ మనిషి కూర్చుని మోటార్ విప్పగలిగేంత సందు వదలండి. గోడకు ఆనించి పెడితే చిన్న లీకేజీకి కూడా మళ్లీ క్రేన్ పిలవాల్సి వస్తుంది. ఆ క్రేన్ మీ సందులోకి వస్తుందా, పైన కరెంటు తీగలున్నాయా అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి. ప్రత్యేక లైను, మంచి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్, ఈ మూడింటిలో ఒక్కటి తగ్గినా స్విచ్ వేయనివ్వకండి. పిల్లలున్న ఇంట్లో తాళం పడే మూత కూడా ఉండాల్సిందే.

ప్రవాహంలోనూ రెండు రకాలున్నాయి. జెట్‌లవి చవక, కానీ నీళ్లు బుడగలతో సన్నటి ధారల్లా వచ్చి ముఖాన కొడతాయి, బార వేస్తే చేతికి నీళ్లు దొరకవు. రెక్కల చక్రంతో నీళ్లను తోసే ప్రొపెల్లర్‌ది వెడల్పుగా, కాలవలో ఎదురీదినట్టు ఉంటుంది. ఈత కోసమే కొంటుంటే ఖర్చెక్కువైనా ప్రొపెల్లరే తీసుకోండి. షోరూమ్‌లో నీళ్లు నింపి ఉంచిన తొట్టిలో దిగి, ఓ పది నిమిషాలు ఆగకుండా ఈది చూడండి. దిగనివ్వకపోతే ఇంకో షోరూమ్‌కి వెళ్లండి.